చాకు, టీ, ఎర్రపట్టీ

గులాబీ నర్సరీలో అతణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ముప్పయ్యేళ్లుగా అంటుమొక్కలు కడుతున్న చేయి కనక అందరికీ మేస్త్రీయే. పనిచేసేది ఎడమచేయి. దానికి రెండే వ్యసనాలు: చాకు, టీ.

పొద్దున్నే షెడ్డు వెనక బల్ల దగ్గర కూర్చుని మడతచాకు తెరిచేవాడు. సానరాయి మీద రెండు చుక్కల నీళ్లు చిలకరించి నూరి, ముంజేతి వెంట్రుకల మీద పదును చూసుకునేవాడు. అప్పుడొచ్చేది పొగలు కక్కే టీ. చాకు టక్కున మడిచి ఒక గుక్క, మళ్లీ తెరిచి ఇంకో గుక్క. ఇంట్లో కొమ్ముపిడిది ఒకటి, బొటనవేలంత బుల్లిది ఒకటి ఉన్నాయి. ఆదివారాలు వాటికి నూనె రాస్తూ కూర్చునేవాడు. "ఈ మాత్రం దానికి నన్నెందుకు చేసుకున్నారు, ఆ చాకునే కట్టుకోకపోయారా" అనేది భార్య. అతను నవ్వి ఇంకో టీ అడిగేవాడు.

పక్క బల్ల బావమరిదిది, అంటే భార్య తమ్ముడిది. పని నేర్పింది మేస్త్రీ. నేర్పానని రోజూ గుర్తుచేసేదీ మేస్త్రీయే.

ఒకరోజు టీ గ్లాసు అంచు దాటి వేళ్ల మీద ఒలికింది. మర్నాడూ ఒలికింది. టీ ఒలికితే తుడుచుకోవచ్చు, చాకు పట్టిన చేయి వణికితే తుడిచేదేముంది? అంటుకి కోత ఒక్క గీతలో పడాలి, నున్నగా ఉండాలి. గరుగ్గా ఉంటే రెండు పుల్లలూ అతుక్కోవు. అదీ వెంటనే తెలియదు. మూడు వారాలకి, చిగురు రావాల్సిన చోట పుల్ల నల్లబడి కనిపిస్తుంది.

బావమరిది చూశాడు. మర్నాటినుంచి బావ గ్లాసులో సగమే పోసి తెచ్చేవాడు. అది అయ్యాక మళ్లీ వెళ్లి మిగతా సగం తెచ్చేవాడు. కృతజ్ఞత కలగాల్సిన చోట మేస్త్రీకి ఒళ్లు మండింది. నిన్నగాక మొన్న తన దగ్గర చాకు పట్టడం నేర్చుకున్నవాడు తన మీద జాలిపడటమా అనుకున్నాడు.

నర్సరీ యజమానురాలికి మొహమాటాలు లేవు. కట్టిన మొక్కలన్నీ ఒకే మడిలో కలిసి ఉంటాయి, ఎవరు కట్టారో కోత మీద చుట్టిన పట్టీ రంగే చెబుతుంది. మేస్త్రీది నీలం, బావమరిదిది ఎరుపు. ఆ విడత చెరో నలభై కట్టారు. ఎవరివి సగానికి మించి చస్తే వాళ్లు ఇంటికేనని ఆమె ముందే చెప్పేసింది. శుక్రవారం వచ్చి చూస్తానంది. బుధవారం పొద్దున మేస్త్రీ మడంతా తిరిగాడు. నీలంవి ఇరవై తొమ్మిది నల్లబడ్డాయి. ఎరుపువి ఐదే.

ఈ బల్ల పోతే పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్లాలో అతనికి తెలియదు. కోయడానికి పుల్ల లేనివాడు చాకు నూరుకుంటూ టీ తాగితే పిచ్చివాడంటారు.

ఆ మధ్యాహ్నమూ, మర్నాటి మధ్యాహ్నమూ, అందరూ భోజనాలకి వెళ్లగానే మడిలో గొంతుక్కూర్చున్నాడు. బతికిన పద్దెనిమిది మొక్కలకి ఎర్రపట్టీలు విప్పి నీలం చుట్టాడు. చచ్చిన పద్దెనిమిదికి నీలం విప్పి ఎరుపు చుట్టాడు. చేయి వణుకుతోందా లేదా అన్న ధ్యాసే లేదు. పాపిష్టి పనికి ఏ చేయైనా బాగానే సాగుతుంది.

శుక్రవారం యజమానురాలు లెక్కపెట్టింది. ఎరుపులో చచ్చినవి ఇరవై మూడు. అందరి ముందూ బావమరిదిని నిలబెట్టి, ఈ వయసులో మీ బావ కడుతున్నాడు, చూసి సిగ్గు తెచ్చుకో అంది. రేపటినుంచి రావద్దంది. మేస్త్రీ నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు.

బావమరిది చచ్చిన మొక్క ఒకటి తీసి, ఎర్రపట్టీని వేలితో తడిమాడు. తనలాంటి కుడిచేతివాడు చుడితే పట్టీ ఒకవైపు తిరుగుతుంది, ఎడమచేతివాడు చుడితే దానికి ఎదురు తిరుగుతుంది. ముప్పయ్యేళ్లుగా అలా చుట్టీ చుట్టీ, ఇంకోలా కూడా చుడతారన్న సంగతే మేస్త్రీకి తట్టలేదు. బావమరిది తలెత్తి అతని మొహంలోకి చూశాడు. ఒక్క మాట అంటే చాలు, వెళ్లేది మేస్త్రీయే. ఆ మాట బావమరిది అనలేదు. అక్క మొహం చూసి ఊరుకున్నాడో, అసహ్యం వేసి ఊరుకున్నాడో మేస్త్రీకి ఎప్పటికీ తెలియలేదు. మొక్కని కింద పెట్టి దగ్గరికొచ్చాడు.

"అక్కకి నేను చెప్పను బావా. నువ్వే చెప్పుకో," అని మెల్లగా అని, వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం టీ గ్లాసు అందిస్తూ భార్య అడిగింది, తమ్ముడి పని ఎందుకు పోయిందని.

"వాడి చేతికి కుదురు లేదు," అన్నాడు మేస్త్రీ.

ఆమె కళ్లు తుడుచుకుని, తమ్ముడికి ఇంకో చోట ఎక్కడైనా చూడమని బతిమాలింది. చూస్తానన్నాడు.

సోమవారం యజమానురాలు ఎనభై పుల్లలు తెప్పించి అతని బల్ల మీద పెట్టించింది. "అతని వాటా కూడా ఇక మీదే మేస్త్రీ. ఈసారి మడంతా నీలమే," అంది. నమ్మకంగా నవ్వి వెళ్లిపోయింది. మేస్త్రీ చాకు తెరిచి మొదటి పుల్ల కోశాడు. కోత ఎలుక కొరికినట్టుంది. దాని మీద నీలంపట్టీ గట్టిగా చుట్టేసి పక్కన పెట్టాడు. ఇంకా డెబ్బై తొమ్మిది ఉన్నాయి.