మూడో రచయిత

మా రీసెర్చ్ గైడు గారు పోయారని వాళ్లావిడ ఫోన్ చేసినప్పుడు నేను బెంజ్ సర్కిల్ దగ్గర ఆటోలో ఉన్నాను. గుణదలలో వాళ్లింటికి చేరేలోపే జర్నల్ వాళ్ల మెయిల్ వచ్చింది. మా పేపరుకి ఆఖరి విడత సవరణలు పంపడానికి వారం గడువట. పద్నాలుగు నెలలు నాన్చింది వాళ్లు. మాకు మాత్రం వారం.

ఆయన కాలేజీలో బోటనీ చెప్పేవారు. కాలువ చివరి ఊళ్లలో వరినారుకి ఉప్పునీరు ఎప్పుడు తగులుతోందో ఇద్దరం ఆరేళ్లు కొలిచాం. అక్కడొక రైతు నారుమడికి నీళ్లు పెట్టే ముందు పుక్కిట పట్టి, రుచి చూసి ఉమ్మేస్తారు. ఏ బోదె కాలువలో ఉప్పెక్కిందో ఆయన చెప్పాకే ఉప్పు కొలిచే మా మీటరు అక్కడికి వెళ్లేది. అందుకే గైడు గారు పేపరులో ఆయన్ని మూడో రచయితగా పెట్టారు.

పేపరు మంచిచెడ్డలు తేల్చేది పేరు చెప్పని సమీక్షకులు. అందులో రెండో మహానుభావుడు, "ఈ మూడో ఆయన అర్హత ఏమిటి? తొలగించండి" అని రాశాడు. ఇంకో నాలుగు పేపర్లు ఉదహరించమన్నాడు. నాలుగూ ఒకరివే. ఎవరివో తెలియనంత అమాయకులం కాము.

గైడు గారు ఆ వ్యాఖ్యలు వచ్చిన ప్రతి విడతా ప్రింటు తీసి, ఎర్ర పెన్నుతో జవాబుపత్రంలా దిద్దేవారు. "ప్రశ్న చదవకుండా జవాబు రాశాడమ్మా. పదికి రెండు." నేను తిట్లు కలిపి సమాధానం రాసిస్తే, "బాగుంది, రేపు మళ్లీ రాయి" అనేవారు. విసుగెత్తి ఒకసారి నేనే, "పోనీ ఆ పేరు తీసేద్దామండీ" అన్నాను. ఎర్ర పెన్ను పక్కన పెట్టేశారు. తర్వాత, "మీటరు ఇంకోటి కొనుక్కుంటాం. ఆ నాలుక ఎక్కడ కొంటావు?" అన్నారు. తీసేద్దామన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

చిన్నకర్మకి ఆ రైతు మొదటి బస్సెక్కి వచ్చారు. రైతు పేరు తీసేస్తే పేపరు వేసుకుంటామని ఆ మెయిల్లో ఎడిటర్ రాశాడు. తీసెయ్యడానికి ఎవరి పేరు పోతుందో ఆ మనిషే సంతకం పెట్టాలట, ఫారం కూడా పంపాడు. ఒళ్లు మండి దాన్ని ఆ రైతుకి చదివి వినిపించాను.

"నా పేరు లేకపోతే సారు పేరు అచ్చులో వచ్చిద్దా అమ్మా?"

"వస్తుందండీ."

ఆయన కండువాతో చెయ్యి తుడుచుకున్నారు. "అయితే ఇటివ్వండి. ఎక్కడ పెట్టాలి?"

నేను పెన్ను ఇవ్వలేదు. ఫారం పంపకుండానే గడువు నిన్నటితో అయిపోయింది. పెన్ను కోసం ఆయన చాచిన ఆ చెయ్యి నా కళ్లముందు నుంచి పోవడం లేదు.