సూర్యకళ దారికి తెచ్చిన మోత

తణుకు చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో పాటకచేరీలు జోరుగా సాగిన రోజుల్లో సూర్యకళ పేరు తెలియనివాళ్ళు తక్కువ. ఆమె మైకు అందుకుంటే పంక్తిలో వడ్డించేవాళ్ళు కూడా గరిటె పట్టుకుని నిలబడిపోయేవారు. అదే బృందంలో కీబోర్డు వాయించే గణేష్‌బాబును ఇష్టపడి, పెద్దవాళ్ళను ఒప్పించి పెళ్ళి చేసుకుంది. మొగుడు వాయించడం, పెళ్ళాం పాడడం, తెల్లారి మొదటి బస్సుకు ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి నిద్రపోతూ ఇంటికి రావడం. కొన్నేళ్ళు వాళ్ళ కాపురం అలాగే హాయిగా సాగింది.

తరవాత ఒక వానాకాలం ఆమెకు విషజ్వరం వచ్చింది. జ్వరమైతే తగ్గింది గాని, పోతూ పోతూ వినికిడిని సగం పట్టుకుపోయింది. ఆ సంగతి మొదట ఆమెకే తెలియలేదు. ఉండ్రాజవరంలో ఒక పెళ్ళికి పాడుతుంటే పల్లవి అయ్యేసరికి శ్రుతి ఎటో జారిపోయింది. గణేష్‌బాబు కీబోర్డు మీద గట్టిగా ఆధార షడ్జం పట్టి ఉంచినా ఆమె తిరిగి చూడలేదు. పాట అయ్యాక ఆయన ముఖం చూసి విషయం గ్రహించింది. ఇంటికొచ్చాక, "ఇంక నేను రానండి. పాడడానికి మీరు వేరే అమ్మాయిని చూసుకోండి," అంది. ఆయన ఎంత బతిమాలినా మళ్ళీ మైకు పట్టుకోలేదు.

కాకినాడ డాక్టరు గారు నరం దెబ్బతిందని చెప్పి చెవికి మిషన్ ఇచ్చారు. దాంతో చప్పుళ్ళన్నీ పెద్దవయ్యాయి, మాట మాత్రం తేటపడలేదు. స్టీలు గిన్నె కింద పడితే తల పగిలినంత పనయ్యేది. పక్కగదిలోంచి మొగుడు పిలిస్తే ఎవరో గొణిగినట్టుండేది.

"వినపడుతోందండీ, తెలియడం లేదు." ఎవరడిగినా ఆమె చెప్పే మాట అదొక్కటే.

కొన్నాళ్ళకు కచేరీలు కూడా తగ్గిపోయాయి. పెద్ద పెద్ద సౌండు బాక్సులు, సీడీలు వచ్చాక పెళ్ళివారికి పదిమంది బృందంతో పనిలేకపోయింది. గణేష్‌బాబు ఒక కంప్యూటర్ కొని, ఇంట్లోనే ముందుగదిలో భజన పాటలకు, బడిపిల్లల డాన్సులకు సంగీతం కట్టిచ్చే పని మొదలుపెట్టాడు. అది రెండువేల అయిదో ఆరో. కాకినాడ స్నేహితుడొకడు అందులో ఒక సింథసైజర్ వేసిపెట్టాడు. అది పెట్టెలో వచ్చే వాయిద్యం కాదు, తెర మీద కనిపించే బొమ్మ. పాత కీబోర్డును వైరుతో కంప్యూటర్‌కు తగిలిస్తే, ఇక్కడ మెట్టు నొక్కితే అక్కడ పలుకుతుంది. లోపలి తీగలు చాలావరకు ముందే కలిపి ఉంటాయి కాబట్టి తెరిచిన వెంటనే వాయించుకోవచ్చు. కావాలంటే మనమూ మౌసుతో ఒక గడిలోంచి ఇంకో గడిలోకి తీగ లాగి, దేన్ని ఏది నడిపించాలో కొత్తగా చెప్పుకోవచ్చు. అన్నిటికన్నా కింద వరసలో, పలికిన ధ్వనికి మెరుగులు దిద్దే ఎఫెక్టులు. కోరస్ వేస్తే ఒక్క వేణువు నలుగురు వాయించినట్టవుతుంది. డిలే వేస్తే పలికిన స్వరం కాసేపాగి మళ్ళీ పలుకుతుంది. రివర్బ్ వేస్తే ఇరుకుగదిలో వాయించింది పెద్ద మండపంలో మోగినట్టుంటుంది.

గణేష్‌బాబుకు ఆ రివర్బ్ అంటే ప్రాణం. ఏ కొత్త ధ్వని చేసినా దాన్ని నిండా పెంచి, భార్యను పిలిచేవాడు.

"సూర్యా, ఒక్కసారి ఇటురా. ఎలాగుందో విను."

ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నిలబడి వినేది. ఆమె చెవికి అందేది రేకుల కప్పు మీద వాన పడుతున్నట్టు ఒకటే హోరు. అయినా, "చాలా బాగుందండి," అనేది. రానురాను ఆయన పిలవడం తగ్గించాడు. ఆ మాట అనేటప్పుడు ఆమె కళ్ళు ఎటు చూస్తున్నాయో ఆయనకూ కనిపిస్తూనే ఉంది. ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన పాలకొల్లు వెళ్ళాడు. సూర్యకళ పొయ్యి మీద పప్పు పెట్టి, ముందుగది తుడవడానికి వచ్చింది. ఆయన కంప్యూటర్ ఆపకుండానే వెళ్ళాడు. గుడ్డతో కీబోర్డు తుడుస్తుంటే ఒక మెట్టు నొక్కుకుని ఏదో పలికింది. ఎందుకో కూర్చోవాలనిపించింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే చెవి మిషన్ కీచుమంది. మిషన్ తీసి పక్కన పెట్టి, శబ్దం పెంచుకుంది. గాంధారం నొక్కింది, మధ్యమం నొక్కింది. రెండూ ఒకదాన్నొకటి మింగేసి హోరైపోయాయి.

ఆమె తెరకేసి చూసింది. ఆయన పనిచేస్తుంటే పక్కన కూర్చుని కూరగాయలు తరగడం అలవాటే కాబట్టి, ఏ గడిలో ఏముందో కొంత తెలుసు. కింద వరసలో మూడు పచ్చ దీపాలు వెలుగుతున్నాయి. రివర్బ్ దగ్గరున్న దీపం మీద మౌసు నొక్కింది. అది ఆరిపోయింది.

మళ్ళీ గాంధారం నొక్కింది. స్వరం ఒళ్ళు తుడుచుకుని ఎదురుగా వచ్చి నిలబడింది. మధ్యమం నొక్కింది. అది వేరుగా, తన చోట తాను పలికింది. జ్వరం తరవాత రెండు స్వరాల మధ్య ఎడం ఆమెకు తెలియడం అదే మొదలు.

గణేష్‌బాబు వచ్చేసరికి ఇల్లంతా మాడు వాసన. పొయ్యి ఆపి, ముందుగదిలోకి పరిగెత్తుకొచ్చి భార్య భుజం పట్టుకున్నాడు. ఆమె ఉలిక్కిపడి చూసింది. బుగ్గలు తడిగా ఉన్నాయి.

"ఏంటి సూర్యా? ఏమైంది?"

ఆమె హెడ్‌ఫోన్లు తీసి ఆయన చెవులకు పెట్టి, మెట్లు నొక్కి చూపించింది. ఆయన విని, "ఇదేంటి, ఎండిపోయినట్టుంది!" అన్నాడు. తరవాత ఆమె వంక తిరిగి, పెదవులు కనబడేలా మళ్ళీ అన్నాడు.

"నాకు ఇలాగైతేనే తెలుస్తోందండి."

"మరి ఇన్నాళ్ళూ బాగుంది, బాగుంది అన్నావు?"

"మీరంత ముచ్చటగా అడుగుతుంటే ఏం చెప్పనండీ!"

ఆయన లోపలికెళ్ళి మాడిన గిన్నెలో నీళ్ళు పోసి, ఇంకో కుర్చీ తెచ్చి ఆమె పక్కన వేసుకున్నాడు.

అప్పటినుంచి సాయంత్రాలు ఇద్దరూ కలిసే కూర్చునేవారు. ఆయన ఒక్కో ఎఫెక్టు కొంచెం కొంచెం పెంచేవాడు, స్వరం మసకబారగానే ఆమె చెయ్యెత్తేది. కోరస్ ఆమెకు బొత్తిగా నచ్చలేదు. "ఒకళ్ళు మాట్లాడుతుంటే నలుగురు అందుకున్నట్టుందండి, తీసెయ్యండి," అంది. డిలే మాత్రం తాళానికి సరిపోయేలా పెడితే ముఖం విప్పారింది. "మొదటిసారి జారిపోయింది రెండోసారి దొరుకుతోందండి."

చిక్కల్లా పాపాయి గారి దగ్గర వచ్చింది. ఆవిడ వీధి చివర భజన మండలి పెద్ద. మండలివాళ్ళంతా అన్నవరం వెళ్ళి కొండ మీద పాడాలనుకున్నారు. పాట వెనక వాయిద్యం సీడీ మీద కావాలన్నారు. సూర్యకళకు నచ్చినట్టు చేసింది వినిపిస్తే పాపాయి గారు పెదవి విరిచారు.

"ఏమనుకోకు బాబూ, గుళ్ళో మోగినట్టు లేదు. పాత్ర అడుక్కంటా తోమేసినట్టుంది."

గణేష్‌బాబు ఆవిడ అడిగినట్టు రివర్బ్ పెంచాడు. సూర్యకళకు మళ్ళీ హోరు మొదలైంది. అయినా, "ఆవిడకి నచ్చినట్టే ఇచ్చెయ్యండి," అంది.

"నీకు తెలియని పాట నేనివ్వను," అన్నాడాయన.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె ఉన్నట్టుండి అడిగింది. "ఏవండీ, నేను పాడేటప్పుడు మన బృందంలో వయొలిన్ ఆయన సద్దుకునే వారు కదా. నేను ఊపిరి తీసుకుంటుంటే అప్పుడందుకునేవారు. ఈ రివర్బుని కూడా అలా ఉండమనలేమా? పలికేటప్పుడు అడ్డం రాకుండా, పలికాక రమ్మని?"

ఆయన కలుపుతున్న ముద్ద అలాగే ఉండిపోయింది. మెట్టు నొక్కితే లేచి, వదిలితే పడే సంకేతం ఆ సింథసైజర్లో ఉంది. దాన్నుంచి రివర్బ్ గడిలోకి ఒక తీగ లాగి, అది లేస్తే రివర్బ్ తగ్గేలా, పడితే పెరిగేలా కలిపితే సరి. మర్నాడు పొద్దున్నే లాగాడు. మొదటిసారి తలకిందులుగా కలిపాడేమో, మెట్టు నొక్కిన ప్రతిసారీ వరద ముంచెత్తినట్టయింది. సూర్యకళ రెండు చెవులూ మూసుకుని, "బాబోయ్!" అని కేకపెట్టింది. ఆ తరవాత ఎవరు ముందు నవ్వారో గాని, చాలాసేపు ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు.

తీగను తిరగేసి, నాబ్ తిప్పి తిప్పి సరిచేశాక ఆయన వాయించాడు. స్వరం స్పష్టంగా పలికింది. మెట్టు వదలగానే దాని వెనక మండపం మెల్లగా తెరుచుకుంది. స్వరాలన్నీ సూర్యకళకు విడివిడిగా అందాయి. చివరి మోత మాత్రం వినపడలేదు. అది వచ్చిందని మొగుడి ముఖం చూసి తెలుసుకుంది.

పాపాయి గారు విని, "ఆయ్, ఇదీ గుడంటే!" అన్నారు. మండలిలో పెద్ద వయసువాళ్ళు ఇంకో మాట అన్నారు. ఎక్కడ అందుకోవాలో ఇన్నాళ్ళకు తెలుస్తోందట. వాళ్ళలో సగం మంది చెవులు అంతంతమాత్రమేనని సూర్యకళకు అప్పుడర్థమైంది. ఆ తరవాత చుట్టుపక్కల మండళ్ళవాళ్ళు వస్తే గణేష్‌బాబు, "ఆవిణ్ణడగండి, ధ్వనులు ఆవిడవే," అనేవాడు.

ఆమె మళ్ళీ వేదికెక్కలేదు. వినికిడి కూడా ఏటికేడాది ఇంకాస్త తగ్గుతూనే వచ్చింది. ఇప్పుడు స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించి వింటుంది. మొన్నామధ్య ఆయన బడిపిల్లల నాటకానికి ఉరుము చేస్తున్నాడు. ఆమె చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, తల అడ్డంగా ఊపింది.

"ఏం, బాలేదా?"

"ఉరుము కాదండీ అది. ఎవరో మంచం ఈడుస్తున్నారు."

ఆయన గట్టిగా నవ్వి, మొత్తం తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టాడు.