అడగకుండా తిన్న రొట్టె

నౌకాదళంలో చేరిన ఆరో ఏట, నవంబరు నెలలో, విశాఖపట్నం రేవులో ఆగివున్న మా యుద్ధనౌక డైలీ ఆర్డర్‌లో ఒక ప్రకటన వచ్చింది. కమాండో శిక్షణకు ఇష్టమున్నవాళ్లు పేర్లు ఇవ్వొచ్చు అని. డైలీ ఆర్డర్ అంటే మరునాటి పనులూ డ్యూటీలూ రాసి అందరూ చూసేచోట అంటించే కాగితం. నేనప్పుడు లీడింగ్ సీమన్‌ని. సైన్యంలో నాయక్ ఎంతో, మా దగ్గర అది అంత. దానికితోడు షిప్స్ డైవర్‌ని, అంటే ఓడ అడుగున పని పడితే నీళ్లలోకి దిగేవాడిని.

డైవర్ ఉద్యోగమంటే రంగురంగుల చేపల మధ్య ఈదులాడటం అనుకుంటారు మా ఊళ్లో. రేవు నీళ్లలో చేపల మాట దేవుడెరుగు, చాచిన చెయ్యే కనపడదు. ప్రొపెల్లర్‌కు చుట్టుకున్న వలల్ని తడుముకుంటూ కొయ్యాలి. నడుముకు కట్టిన తాడు రెండో కొస పైన అటెండెంట్ చేతిలో ఉంటుంది. మాటలుండవు, తాడు లాగుళ్లే మాటలు. ఒక్కసారి లాగితే బాగున్నావా అని, నాలుగుసార్లు లాగితే పైకి రమ్మని. ఇందులో మొదటిరోజే నేర్పే సూత్రం ఒకటుంది. లాగినదాన్ని అవతలివాడు అట్లాగే తిరిగి లాగాలి. తిరిగి లాగుడు రాకపోతే సంకేతం అందనట్టే లెక్క. అందే ఉంటుందిలే అనుకునేవాడిని ఈ పనిలో ఉంచరు. నేను దాంట్లో ఎన్నడూ తప్పలేదు. నీళ్లలో తప్పలేదు.

నా తాడు పట్టేవాడు ఏసుదాసు. వాళ్లది ఇందుకూరుపేట మండలం, మాది తోటపల్లి గూడూరు మండలం. ఆ ఓడలో నెల్లూరు యాస వినపడేది మా ఇద్దరి మధ్యే. దాసు ఆ మధ్యాహ్నమే పేరిచ్చేశాడు. నేను ఏదో నసుగుతుంటే, “ఏందన్నా ఇంత ఆలోచన? ఉంటే ఉంటాం, లేకుంటే వెనక్కొస్తాం. మన బంకు యాడికి పోతుంది?” అన్నాడు. బంకు అంటే ఓడలో పడుకునే మంచం.

వాడన్నదాంట్లో అబద్ధం లేదు. కమాండో శిక్షణలో బలవంతం ఉండదు. మొదట పరుగు, ఈత, శరీర పరీక్షలు. తట్టుకున్నవాళ్లకు కొన్ని వారాల వడపోత. ఆ వడపోతలో ఒక వారం నిద్రంటూ ఉండదు. కాళ్లూ చేతులూ కట్టి నీళ్లలో వేస్తారు, బురదలో దొర్లిస్తారు, ఆ వెంటనే లెక్కలు చెయ్యమంటారు. ఎప్పుడైనా సరే “చాలు” అని ఒక్క మాటంటే చాలు. ఎందుకని ఎవరూ అడగరు, పాత ఓడకు పంపేస్తారు. ఎక్కువమంది ఆ మాట అనేవాళ్లే. మిగిలినవాళ్లకు అసలు శిక్షణ ఆ తర్వాత మొదలవుతుంది.

నాకు ఆశ లేదా అంటే, ఎందుకు లేదు! ఒక యుద్ధ విన్యాసంలో తెల్లవారుజామున నేను డెక్ మీద కాపలా ఉండగా కమాండోలు రబ్బరు పడవలో వచ్చి ఓడ పక్కనుంచి ఎక్కారు. వస్తారని తెలిసి కళ్లు చించుకుని చూస్తూనే ఉన్నాను. అయినా నా భుజం మీద తడిచెయ్యి పడేదాకా నాకు తెలియలేదు. ఆ చెయ్యి వేసినవాడు చిన్నగా నవ్వి ముందుకు పోయాడు. ఆరోజు నుంచి ఆ చెయ్యి నాది కావాలని నా కోరిక. భయం కూడా అంతే ఉంది. కట్టేసిన కాళ్లతో నీళ్లలో మునగడం తలుచుకుంటే నాకు అన్నం సయించేది కాదు. దాసు ముందు మాత్రం ఇంట్లో అడగాలిరా అనేవాణ్ణి.

మా డైవింగ్ బృందానికి పెద్ద ఒక మలయాళీ చీఫ్. చీఫ్ పెట్టీ ఆఫీసర్ అంటే సెయిలర్లలో బాగా పై మెట్టు. ఆయన నన్ను పిలిచి, వయసు పరిమితి ప్రకారం నీకిదే ఆఖరి అవకాశం, నీ పేరు నేను సిఫారసు చేస్తాను, సెలవుకు పోయి ఇంట్లో మాట్లాడి వచ్చి అవునో కాదో చెప్పు అన్నాడు. ఒక్క షరతు పెట్టాడు. ఆ జవాబు నీదై ఉండాలి అన్నాడు. నేను సరేనన్నాను.

మాది పరుపులు కుట్టే ఇల్లు. నాన్న పోయాక అమ్మే దూది ఏకించి, పరుపులు కుట్టి నన్ను చదివించింది. నేను ఇంటికి చేరేసరికి తుఫాను వాన. అమ్మ వసారాలో కూర్చుని పరుపుకు అంచు కుడుతోంది. నేను తల తుడుచుకుంటూనే సంగతి మొత్తం చెప్పాను. శిక్షణలో ప్రాణం మీదికి వచ్చే పనులుంటాయని, గట్టెక్కితే అంతకు మించిన గౌరవం లేదని, ఇదే ఆఖరి అవకాశమని.

అమ్మ సూది ఆపింది. “నీకెట్టా ఉందిరా అబ్బయ్యా?” అని అడిగింది.

అడగాల్సిన ప్రశ్న అదే, దానికి చెప్పాల్సిన జవాబు కూడా నా గొంతు దాకా వచ్చింది. నేను నీళ్లు నమిలి, “నువ్వెట్టా అంటే అట్టా” అన్నాను. పాతికేళ్లవాణ్ణి, ఓడ కింద దిగేవాణ్ణి, ఆ బరువు తీసుకుపోయి ఆమె ఒళ్లో పెట్టాను. ఆమె మిగిలిన అంచంతా కుట్టింది. చివరికి, “ఎల్లుండి రొట్టెల పండగ గదా. చెరువు కాడికి పోదాం రా” అంది.

నెల్లూరు వాళ్లకు ఈ పండగ గురించి చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మొహర్రం నెలలో నెల్లూరు దర్గా పక్కనున్న స్వర్ణాల చెరువులో జనం మోకాళ్ల లోతున దిగి రొట్టెలు మార్చుకుంటారు. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అన్న తేడా లేదు. కోరిక ఉన్నవాడు, అదే కోరిక తీరినవాళ్ల చేతినుంచి రొట్టె పట్టాలి. తన కోరిక తీరాక మళ్లీ వచ్చి, తనూ రొట్టె చేసి ఇంకొకరికి వదలాలి. ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, చదువు రొట్టె, ఆరోగ్య రొట్టె, ఇట్లా ఏ కోరికకు ఆ రొట్టె. నేను నౌకాదళానికి పరీక్ష రాసిన ఏడు అమ్మ నా పేరున ఉద్యోగ రొట్టె పట్టింది. చేరిన తర్వాతి పండక్కి వచ్చి వదిలింది. అందుకని ఆ చెరువు మీద మా ఇంట్లో గురి ఎక్కువ.

ఆ రోజు చెరువు కిటకిటలాడుతోంది. సన్నగా వాన పడుతూనే ఉంది. అమ్మ నన్ను గట్టు మీద చెప్పులకు కాపలా పెట్టి, కొంగు తలమీదికి లాక్కుని నీళ్లలోకి దిగింది. చాలాసేపు అటూ ఇటూ తిరిగింది. ఎవరెవరినో అడిగింది, వాళ్లు తల అడ్డంగా ఊపారు, ఇంకొకరి దగ్గరికి పోయింది. ఆఖరికి ఆరోగ్య రొట్టె అని బోర్డు పెట్టినచోట ఆగింది. అక్కడొక ముసలామె చేతులు పట్టుకుని ఏదో మాట్లాడి, ఆమె దగ్గర రొట్టె పట్టింది. గట్టెక్కేసరికి అమ్మ కళ్లు ఎర్రగా ఉన్నాయి. రొట్టె రెండు ముక్కలు చేసి, ఒకటి నా చేతిలో పెట్టి, “బిస్మిల్లా అని తినరా” అంది.

తిన్నాను. ఏ రొట్టె అని అడగలేదు. బోర్డు నా కళ్లారా చూశాను గదా, అడిగేదేముంది? నా కొడుకు చల్లగా ఉండాలి, ఏ ఆపదకూ పోకూడదు అని అమ్మ మొక్కుకుందనుకున్నాను. ఇదే ఆమె జవాబు అనుకున్నాను. బెల్లం రొట్టె, బాగానే ఉంది. దిగులు కలిగింది, కానీ దానికంటే ముందు గుండెల మీదినుంచి బండ దింపినట్టు తేలికగా అనిపించింది. ఆ తేలికదనం గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకు ఒళ్లు మండుతుంది.

ఓడకు తిరిగి వెళ్లి చీఫ్‌కు కాదని చెప్పాను. జవాబు నీదేనా అని అడిగాడు. ఇంట్లో ఇష్టపడలేదు సార్ అన్నాను. ఆయన కాగితం మీద నా పేరు కొట్టేసి, నెక్స్ట్ అన్నాడు. ఆ సాయంత్రం ఫోన్‌లో అమ్మకు పోవడం లేదని చెబితే, “సరే రా, నీ ఇష్టం” అంది. బతికిపోయాననుకుని ఉంటుందిలే అని నేను అర్థం చెప్పుకున్నాను.

దాసు శిక్షణకు పోయాడు. నిద్రలేని వారం మధ్యలో, కట్టిన కాళ్లతో నీళ్లు మింగి, చాలు అని చెప్పి వెనక్కి వచ్చేశాడు. మెస్‌లో అందరూ ఆటపట్టిస్తే వాళ్లకంటే ముందు వాడే నవ్వాడు. “నా హద్దు గీత యాడుందో చూసొచ్చినాలే అన్నా” అన్నాడు. ఆ రాత్రి వాడు గుర్రుపెట్టి నిద్రపోయాడు. కింది బంకులో నేనే మేలుకుని ఉన్నాను. నా గీత ఎక్కడుందో నాకు తెలియదు. ఇంకెప్పటికీ తెలియదు కూడా.

మరుసటేడు పండగకు సెలవు పెట్టి మరీ వచ్చాను. పట్టిన రొట్టె వదలాలి గదా. అమ్మ చుట్టుపక్కల ఇళ్లవాళ్ల కోసం రొట్టెలు చేసి మూట కట్టింది. వాళ్ల మనవరాలి చదువు రొట్టె ఇది, వీళ్ల కోడలి కాన్పు రొట్టె ఇది అని ఒక్కొక్కటీ విడిగా గుడ్డలో చుట్టింది. నాది కనపడలేదు. నా రొట్టె మర్చిపోయినావేందమ్మా అన్నాను.

“నీదేం వదిలేదిరా? అనుకున్నది కాలేదు గదా” అంది.

ఇదిగో ఎదురుగ్గా గుండ్రాయిలాగా ఉన్నాను గదా, ఆరోగ్య రొట్టె వదలడానికి ఇంకేం కావాలి అన్నాను, నవ్వుతూనే. అమ్మ వింతగా చూసింది.

“ఆరోగ్య రొట్టె ఎవురు పట్టినారు? ఆ ముసలామె కొడుకు మిలిటరీలో నీ మాదిరి పెద్ద ట్రైనింగుకే పొయ్యి, గట్టెక్కి వచ్చినాడంట. ఆ రొట్టె వదలడానికి వచ్చి, దానికి వేరే బోర్డు లేక ఆడ నిలబడింది ఆమె. చెరువంతా అడిగినా, అట్టాంటి రొట్టె ఉండేది ఆమె కాడే. దాని కోసరం ఎంత తిరిగినాను! నా బిడ్డ పోయి, గెలిచి రావాలని పట్టినా.” మూట దగ్గరికి లాక్కుని, “ఏడుపొచ్చింది లే, రాకుండా ఎట్టా ఉంటాది” అంది.

మరి ఆరోజే ఎందుకు చెప్పలేదని అరిచాను. అవును, అరిచాను, తప్పు ఆమెదైనట్టు. అమ్మ మూట ముడి బిగిస్తూ మెల్లగా చెప్పింది. పో అని నోటితో అంటే తన కోసం పోతానేమో, నాకేమన్నా అయితే తనే పంపినట్టు అవుతుందని భయపడింది. రొట్టె చేతిలో పెడితే, ఇదేందమ్మా అని నేను అడుగుతానని, అప్పుడు చెబుదామని అనుకుంది. నేను అడగలేదు. ఫోన్‌లో పోనని చెప్పేసరికి, బిడ్డకే ఇష్టం లేదేమో, ఎందుకు కెలకడం అనుకుని ఊరుకుంది. ఇద్దరం ఒకరి మనసు ఒకరం కనిపెట్టామనుకున్నాం. అప్పటికి నా వయసు పరిమితి దాటిపోయింది.

ఆ తర్వాత పదకొండేళ్లు పనిచేశాను. నేను కూడా చీఫ్‌నై, డైవింగ్ బృందాన్ని నడిపి రిటైరయ్యాను. చెడ్డ ఉద్యోగం కాదు. అయినా విన్యాసాల్లో కమాండోలు రబ్బరు పడవల్లో వచ్చిన ప్రతిసారీ నేను డెక్ మీద పని కల్పించుకుని నిలబడేవాణ్ణి.

కమాండో శిక్షణకు నా బృందంలోంచి పిల్లలు పేర్లు ఇచ్చే కాలంలో, కొందరు వచ్చి ఇంట్లో వద్దంటున్నారు సార్ అనేవాళ్లు. భయపడితే తప్పు లేదని, భయమేనని చెప్పి వెళ్లమని అనేవాణ్ణి. లేదు సార్, ఇంట్లోనే అని పట్టుబడితే, ఎవరన్నారు, ఏ మాటతో అన్నారు, అదే మాట తిరిగి చెప్పు అని అడిగేవాణ్ణి. చాలామంది దగ్గర ఆ మాట ఉండేది కాదు. ఫోన్ చేసి అడిగి రమ్మని పంపేవాణ్ణి. తాడు విషయంలో మాకు మొదటిరోజు నేర్పింది ఇదే. ఇంటి విషయంలో నేను నేర్చుకునేసరికి ఆలస్యమైంది.

అమ్మ ఇప్పటికీ ఏటా రొట్టెల పండక్కి పోతుంది. ఊళ్లో వాళ్లందరి రొట్టెలూ చేసి, మూటగట్టి, నా చేతే మోయిస్తుంది. ఆ ఒక్క రొట్టె మాత్రం చెయ్యదు.