కొత్త కంప్యూటరులో మొదటి కార్డు

నాంపల్లి స్టేషన్ రోడ్డులో నాకు చిన్న డీటీపీ షాపు ఉంది. శుభలేఖలు, గృహప్రవేశాలు, దశదిన కర్మ కార్డులు టైపు చేసి ఇస్తాను. ఇరవై ఏళ్లుగా నా పద్ధతి ఒకటే. కిందటిసారి చేసిన కార్డు తెరవడం, పేర్లూ తేదీలూ మార్చడం, ప్రింటు కొట్టడం. అబిడ్స్ దాకా ఈ వృత్తిలో ఉన్న అందరం అంతే.

పాత కంప్యూటరు మొండికేసింది. కోఠిలో తెలిసినాయన మాట విని విండోస్ వదిలేసి, లినక్స్ ఉన్న కొత్త డబ్బా తెచ్చుకున్నాను. ఫైళ్లన్నీ జాగ్రత్తగా పెన్‌డ్రైవ్‌లో ఎక్కించాను గానీ, వాటిని తెలుగులో చూపించే పాత ఫాంటు సంగతి మర్చిపోయాను. తీరా తెరిస్తే తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు. కొత్తదాంట్లో వేరే తెలుగు ఫాంటు ఉంది గానీ దాని కీబోర్డు వరస వేరు. ఒకటి కొడితే ఇంకోటి పడుతోంది. నా తెలివి తెల్లారినట్టే ఉందని నన్ను నేనే తిట్టుకున్నాను.

సరిగ్గా అప్పుడే మాసిన గడ్డంతో ఒకాయన వచ్చాడు.

"మా అమ్మ పోయింది సార్. ఎల్లుండే దశదిన కర్మ. కార్డులు ఇయ్యాల్నే కావాలె."

పది నిమిషాలు కూర్చోమన్నాను. అరగంటయింది. లేచాను, నీళ్లు తాగాను, మళ్లీ కూర్చున్నాను, వైర్లు పీకి పెట్టాను. ఆయన నా వంకే చూస్తున్నాడు.

"ఏంది సార్, గింత సేపా? పాత కార్డుల పేరు మారుస్తరు గద?"

"పాత కార్డు లేదండీ. మీ అమ్మగారి గురించి ఏం రాయమంటారో చెప్పండి," అన్నాను విసుగ్గా. ఇరవై ఏళ్లలో ఆ మాట ఎవరినీ అడగలేదు.

ఆయన కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు.

"బీడీలు చేసి మమ్మల్ని సదివిచ్చింది సార్. ఎవలొచ్చినా 'తిన్నవా బిడ్డా' అని అడిగేది. తిన్న అన్నా ఇనకపోయేది."

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆ మాటలే కొట్టాను. తెర మీద చదువుకుని ఆయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "ఔ సార్, గిదే మా అమ్మ," అన్నాడు.

ఆయన కార్డులు పట్టుకుపోయాక కూడా నా మనసు కుదుట పడలేదు. పెన్‌డ్రైవ్‌లో మా నాన్న కర్మ కార్డు తెరిచాను. అందులోనూ అవే కామాలు, డాలరు గుర్తులు. అందులో ఏముందో చదవక్కర్లేదు. ఆ రోజు ఎవరో బట్టల వ్యాపారి కార్డు తెరిచి, ఆయన పేరు తీసేసి మా నాన్న పేరు పెట్టాను. ఐదు నిమిషాల్లో అయిపోయిందని చుట్టాలు మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా. ఇప్పుడు సిగ్గేసింది.

కొత్త పేజీ తెరిచి, వెతుక్కుంటూ 'మా నాన్న' అని కొట్టాను. లక్డీకాపూల్ ఆఫీసులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసిన మనిషి. రోజూ సాయంత్రం నా షాపు ముందు ఆగి, లోపల జనం ఉంటే పలకరించకుండానే వెళ్లిపోయేవాడు. కనబడినా నేను పని మీంచి తల ఎత్తేవాణ్ణి కాదు.

అదే రాశాను.