పెదనాన్న వేలు, కొబ్బరి కోరు

మా పెదనాన్న అమలాపురం కోర్టులో బంట్రోతుగా చేశారు. వాయిదాకి వచ్చినవాళ్ళను వరండాలో నిలబడి పేరుపెట్టి పిలిచే పని. ఆ గొంతు బస్టాండు దాకా వినబడుతుందని మేం ఏడిపించేవాళ్ళం. రిటైరైన మరుసటేడే పక్షవాతం వచ్చి ఆ గొంతును తీసుకుపోయింది. ఒంట్లో ఆయన మాట వినేది ఎడమచేతి చూపుడువేలు ఒక్కటే మిగిలింది.

అప్పట్లో నేను అమలాపురంలో కంప్యూటరు పాఠాలు చెప్పేదాన్ని. మా సెంటర్లో మూలపడేసిన మిషనొకటి ముక్తేశ్వరంలో పెదనాన్నావాళ్ళింటికి పట్టుకెళ్ళి, బేసిక్ అనే కంప్యూటరు భాషలో ఆయన కోసం ఓ ప్రోగ్రాం రాశాను. తెరమీద అక్షరాలు వరసగా ఒక్కొక్కటే వెలుగుతాయి, వెలిగినప్పుడల్లా టిక్కుమంటుంది. కావలసింది వెలిగినప్పుడు మీట నొక్కితే ఆ అక్షరం కింద చేరుతుంది. తెలుగు అక్షరాలన్నీ చుక్కలు పేర్చి నేనే గీశాను. అలా ఆయన కొన్నేళ్ళు మాట్లాడారు. ఎక్కువగా వంట గురించే, అందులోనూ ఎక్కువగా వంకలే.

వానాకాలం చెమ్మకి తుప్పుపట్టి ఆ మిషను ఆగిపోయింది. అప్పటికి నేను కాకినాడలో ఉద్యోగం చేస్తున్నాను. ఇంట్లోవాళ్ళు రాజమండ్రి నుంచి కొత్తది తెప్పించారు. తెచ్చినతను పాత ఫ్లాపీలోంచి ప్రోగ్రాం ఎక్కించి వెళ్ళాడు. వారం తిరక్కుండా పెద్దమ్మ ఫోను చేసింది.

“అమ్మాయ్, మీ పెదనాన్న వేలు కూడా పోయినట్టుందే. ఏం నొక్కినా పిచ్చి అక్షరాలే పడతన్నాయి. ఇప్పుడు మిషను వేపే చూట్టం లేదు. రేపు కాకినాడ పెద్దాసుపత్రికి తెచ్చేద్దామని కారు మాటాడేం.”

ఉన్నపళాన బయల్దేరాను. వెళ్ళేసరికి ఆయన గోడ వైపు తిరిగి కూర్చున్నారు.

“ఒక్కసారి నొక్కి చూపించండి పెదనాన్నా,” అన్నాను.

కళ్ళు మూసుకున్నారు. నాకు ఏడుపొచ్చింది, ఆయన మీద కోపమూ వచ్చింది. పెద్దమ్మ ఇంకేం చెయ్యాలో తోచక గడప దగ్గర కోరుపీట వేసుకుని, పచ్చడికి కొబ్బరి కోరడం మొదలుపెట్టింది. నేనేమో ఊరికే ఆయన చెయ్యి చూస్తూ కూర్చున్నాను.

వేలు కదులుతోంది. పెద్దమ్మ చిప్పను ఒక్క తిప్పు తిప్పితే కుర్చీ చేతిమీద వేలు ఒక్క దెబ్బ. ఆవిడ ఆగితే ఆగుతోంది, మొదలెడితే మొదలవుతోంది. తాళం వేసినట్టు, ఎక్కడా తప్పడం లేదు.

పోయిన వేలు తాళం ఎలా వేస్తుంది? లేచి మిషను పెట్టాను. టిక్కుటిక్కుమనాల్సింది ఒకటే కీచుమంది. అక్షరాలు కంటికి ఆనడం లేదు.

“ఇదిలా పరిగెడుతుంటే నాకు చెప్పరేం పెద్దమ్మా?”

“కొత్తది కదే, చురుగ్గా ఉంటాది అనుకున్నాం.”

ఇంటిల్లిపాదీ కొత్త మిషను చురుకును మెచ్చుకుని, నెపం ఆయన వేలిమీద వేశారు. పాపం, ఆయనా అదే నమ్మారు. సంగతేమిటంటే, ఆ రోజుల్లో ప్రోగ్రాంలో కాసేపు ఆగాలంటే మిషనును ఊరికే వేలల్లో అంకెలు లెక్కపెట్టుకోమనేవాళ్ళం. పాతది ఆ లెక్క ఆపసోపాలు పడుతూ పూర్తిచేసేది. కొత్తది రెప్పపాటులో ముగించేసి తరవాతి అక్షరానికి దూకుతోంది.

“పెదనాన్నా, మీ వేలు బాగానే ఉంది. ఈ మిషనుకే తొందరెక్కువ,” అన్నాను. ఆయన కళ్ళు తెరిచి నావైపు చూశారు. నమ్మినట్టు లేరు.

ఆ లెక్కలు తీసేసి, మిషను లోపలి గడియారం చూసుకుని అడుగేసేలా మార్చాను. గడియారం ఏ మిషనులోనైనా ఒక్కలాగే నడుస్తుంది. కానీ అక్షరం ఎంతసేపు నిలవాలి? పోల్చుకోడానికి పాత మిషను లేదు, ఆయన వేలు తప్పకుండా అందుకునే వేగమంటూ నా ఎదుట ఉన్నది పెద్దమ్మ కోరే వేగమే.

“పెద్దమ్మా, నువ్వు కోరుతూనే ఉండు.”

“ఆయ్, అలాగేలే.”

ఆవిడ కోరింది, ఆయన వేలు తాళం వేసింది, నేను తగ్గిస్తూ పెంచుతూ పోయాను. చిప్ప మీద చిప్ప అయిపోయింది. పళ్ళెంలో ఊరందరికీ సరిపడా కొబ్బరి. చివరికి టిక్కూ, వేలూ కలిశాయి. కుర్చీని తెర వైపు తిప్పాం. వేలు మీటమీద పెట్టారు.

ఒక్కొక్క అక్షరమే, ఎక్కడా తడబడకుండా, కింద చేరింది. నేను పైకి చదివాను.

“చాలు. నీ చెయ్యి నొప్పి.”

పెద్దమ్మ చిప్ప వదిలేసి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి లేచి, కారతనికి రేపు రావద్దని చెప్పడానికి ఫోను దగ్గరికి వెళ్ళింది.