ఇంటికి పంపిన మాత్రలు

ఐటీ కంపెనీల కోసం మాదాపూర్ చుట్టూ బండలు పగలగొడుతున్న కాలంలో, ఒక వానాకాలం మొదట్లో, నన్ను చేవెళ్ల క్షయ యూనిట్‌కు సీనియర్ ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్‌గా వేశారు. పేరు పొడుగు, హోదా పొట్టి. పైన మెడికల్ ఆఫీసర్, పక్కన ల్యాబ్ సూపర్‌వైజర్, కింద ఎవరూ లేరు. ప్రభుత్వం ఇచ్చిన మోటార్ సైకిల్ మీద మండలాలు తిరిగి, క్షయ మందులు వాడుతున్న ప్రతి మనిషినీ చూసి రావడం నా పని. మోకిల నుంచి మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్ దాకా ఏ ఇంట్లో ఎవరికి ఎన్నాళ్ల నుంచి దగ్గు ఉన్నదో సర్పంచుల కన్నా నాకే బాగా తెలుసని చెప్పుకునేవాణ్ని. చాలా వరకు నిజమే.

ఆ రోజుల్లో మా పద్ధతి వేరు. మందు రోగి చేతికి ఇచ్చి పంపడం కాదు, మింగించి చూడటం. రోగి పేరు రాసిన డబ్బాలో చికిత్సకు కావలసిన మందంతా ఉంటుంది. మొదటి రెండు నెలలు రోజు విడిచి రోజు, వారానికి మూడు సార్లు, ఒక బయటి మనిషి ఎదుట మాత్రలు మింగాలి. ఆ మనిషిని ప్రొవైడర్ అంటారు. అంగన్‌వాడీ టీచర్ కావచ్చు, పోస్ట్‌మ్యాన్ కావచ్చు. ఇంటివాళ్లు మాత్రం పనికిరారు, జాలిపడి వదిలేస్తారు కాబట్టి. మింగిన వెంటనే ప్రొవైడర్ కార్డు మీద ఆ తేదీ గడిలో టిక్కు పెడతాడు. రెండు నెలల తర్వాత తెమడ పరీక్ష. అందులో క్రిములు కనిపించకపోతే మందు పనిచేసినట్టు. జ్వరం తగ్గగానే మందు మానేసేవాళ్లు చాలామంది. అలా మానితే జబ్బు తిరగబెట్టి మొండికేస్తుంది. ఈ కాపలా అంతా అందుకే.

మధ్యలో మానేసిన పేర్ల కింద నేను రిజిస్టర్‌లో ఎర్ర గీత గీసేవాణ్ని. మొయినాబాద్ మండలంలో, రోడ్డుకు లోపలగా ఉన్న ఒక ఊళ్లో, ముస్లిం మొహల్లా ఆడవాళ్ల పేర్ల కింద ఆ గీతలు ఎక్కువయ్యాయి. అదే ఊళ్లో తక్కిన వాడల్లో అంతగా లేవు. ఇంతలో మైనారిటీ వాడల ఆరోగ్యం కోసం స్థానిక కమిటీలే పనులు చేపడితే ప్రభుత్వం గ్రాంటు ఇస్తుందని ఉత్తర్వు వచ్చింది. ఆరు నెలల ఫలితాలు చూసి పొడిగిస్తారు. మొహల్లా కమిటీ కార్యదర్శి జబ్బార్ సాబ్, రిటైరైన ఉర్దూ పంతులు, ముసాయిదా పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. దాన్ని ఆఫీసు భాషలోకి మార్చడం నాకు నల్లేరు మీద నడక.

ఆయన ముసాయిదాలో ప్రొవైడర్‌గా రబియా ఆపా పేరుంది. అందరూ ఆపా, అంటే అక్కా, అని పిలిచే ఆమె మొహల్లా మధ్య సందులో బట్టలు కుట్టే మనిషి. ఉర్దూ తప్ప రాయడం రాదు. మా కార్డు ఇంగ్లీషు. నేను ఆ పేరు కొట్టేసి, మొహల్లా మొదట్లో కిరాణా దుకాణం నడిపే శంకరయ్య పేరు రాశాను. ఆయన మా నాన్నకు వరుసకు తమ్ముడు, నాకు చిన్నాయన. చుట్టరికం కోసం చేశానని ఎవరైనా అంటే ఒప్పుకోను. నేనూ చేవెళ్ల కిరాణా దుకాణంలో పుట్టి పెరిగినవాణ్ని. పొద్దున్నే షట్టరెత్తి రాత్రి దాకా కదలని మనిషి, చిట్టీ రాయడంలో పొరపాటు చేయని మనిషి, ప్రొవైడర్‌గా అంతకన్నా ఎవరు దొరుకుతారు?

“ఔరతులు దుకాణం కాడికి రారు సార్” అన్నారు జబ్బార్ సాబ్.

ఆడవాళ్లకు మెల్లగా అలవాటు చేద్దామని చెప్పాను. ఆయన కొట్టేసిన పేరు ఒకసారి చూసి, కాగితం నా వైపు జరిపారు. గ్రాంటు తెచ్చిపెట్టేవాడితో వాదించడం ఎందుకని ఊరుకున్నారని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఒప్పుకున్నారనుకున్నాను.

గ్రాంటు వచ్చింది. మొదటి రోగుల్లో ఒకామె షాహిదా. ఇరవై దాటిన మనిషి, చంకలో ఎనిమిది నెలల పాప. భర్త ఖాజా మాదాపూర్‌లో సెంట్రింగ్ పని చేసేవాడు. చికిత్స మొదలుపెట్టిన రోజు ఆమె తలుపు చాటున ఉంటే, చెప్పాల్సినవన్నీ ఖాజాకు చెప్పాను. పాప చిన్నది, తల్లి జబ్బు బిడ్డకు అంటే ప్రమాదం ఉంది కాబట్టి ఈ ఇంట్లో ఒక్క మాత్ర కూడా తప్పకూడదని గట్టిగా చెప్పాను.

తప్పలేదు కూడా, కార్డు ప్రకారం. శంకరయ్య చిన్నాయన దగ్గరి కార్డులు చూస్తే కడుపు నిండిపోయేది. ఒక్క గడి ఖాళీ లేదు. జిల్లా నుంచి తనిఖీకి వచ్చిన అధికారి షాహిదా కార్డును ఎత్తి పట్టుకుని, కార్డంటే ఇలా ఉండాలని పక్క యూనిట్ వాళ్లకు చూపించాడు. నేను వినయంగా తల దించుకున్నాను, లోపల మాత్రం ఉబ్బిపోయాను.

రెండు నెలలు కాగానే తెమడ పరీక్షలో షాహిదాకు పాజిటివ్ వచ్చింది. ఇరవై నాలుగు మోతాదులూ మింగిన మనిషికి క్రిములు తగ్గలేదు. మా మెడికల్ ఆఫీసర్ కొత్తగా చేరిన అమ్మాయి, జాగ్రత్త గల డాక్టర్. నిబంధన ప్రకారం ఇంకొక నెల అవే మందులు పొడిగించాలి. ఆ తర్వాత కూడా పాజిటివ్ వస్తూ ఉంటే మందు ఓడిపోయినట్టు రాసి, నెలల తరబడి సూదులుండే రెండో రకం చికిత్సకు మార్చాలి. ముందు ఒకసారి ఇంటికి వెళ్లి చూసి రమ్మని ఆమె నన్ను పంపింది.

దారిలో దుకాణం దగ్గర ఆగి, షాహిదా ఏ వేళకు వచ్చి మింగుతుందని చిన్నాయనను అడిగాను.

“ఆడపిల్ల ఈడికి ఎట్ల ఒస్తది బిడ్డా? మాపటికి ఆమె పెనిమిటి పని దిగి ఒస్తడు. ఆయన చేతికే ఇస్తున్న. ఒక్కనాడు గూడ తప్పలే” అన్నాడు.

ఆయన దొంగ టిక్కు పెట్టలేదు. మా దుకాణాల్లో ఒక ఇంటి నుంచి ఎవరు వచ్చినా ఆ ఇల్లు వచ్చినట్టే. చింతపండు కొడుకు చేతికిచ్చినా కోడలి చేతికిచ్చినా ఇంటికి చేరినట్టే రాసుకుంటాం. ఆయన ఆ లెక్కనే మాత్రలు కూడా చేర్చాడు. మింగడం చూడాలి కదా అంటే, ఇంటికిచ్చింది ఇచ్చినట్టు కాదా అని నన్నే ఎదురు అడిగాడు. ఆ గల్లా మీద నేను కూర్చున్నా అదే చేసి ఉండేవాణ్ని. అది తెలిసే ఆయన మీద కోపం రాలేదు, నా మీద వచ్చింది.

ఖాజా పనికి పోయిన వేళ ఆ ఇంటికి ఒంటరిగా వెళ్లడం బాగుండదని రబియా ఆపాను తోడు పిలిచాను. పేరు కొట్టేసిన సంగతి ఆమెకు తెలుసో లేదో, వెంటనే కుట్టు మిషన్ ఆపి లేచింది. ఆమె లోపలికి వెళ్లి చాలాసేపు మాట్లాడింది. నేను గడప బయట నిలబడ్డాను. చివరికి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. అందులో మాత్రల అట్టలు దొంతిగా ఉన్నాయి. మొదటి మూడు మోతాదులు తప్ప అన్నీ అలాగే ఉన్నాయి.

“మూత్రం ఎర్రగ వచ్చిందంట సార్. పాలల్ల గూడ గదే దిగుతదని, బిడ్డకు ఏమన్న అయితదని ఫికర్ పెట్టుకున్నది. మొగనికి చెప్తే తిడతడని దాచిపెట్టింది” అన్నది రబియా ఆపా. కొంచెం ఆగి అడిగింది. “ఎర్రగ వస్తదని ఈమెకు ఎవలు చెప్పిన్రు?”

ఆ మందుకు మూత్రం ఎర్రబడటం మామూలు. ప్రతి రోగికీ మొదటి రోజే చెప్పాలని మా శిక్షణలో నేర్పుతారు. నేను చెప్పాను. “వాళ్లాయనకు చెప్పిన” అన్నాను ఆపాతో. అటువంటి మాట ఖాజా భార్యకు చేరవేసి ఉండడని నాకు అప్పుడు తట్టింది. బిడ్డ కోసమే ఆ తల్లి మందు మానింది. ఆ మానడమే బిడ్డకు ముప్పు. గడప దగ్గర నిలబడి నేను నిజంగా భయపడ్డాను.

యూనిట్‌కు తిరిగి వచ్చాక ల్యాబ్ సూపర్‌వైజర్ నా మంచి కోరి ఒక సలహా ఇచ్చాడు. టిక్కులను అలాగే ఉంచి, ఒక నెల పొడిగింపు చూపించి, ఇక నుంచి సరిగ్గా మింగిస్తే సరిపోతుంది, గ్రాంటు రిపోర్టు కూడా చెడదు అన్నాడు. రిపోర్టుకు ఇంకా మూడు నెలలే ఉన్న మాట నిజం. కానీ ఆ టిక్కులు నిలబడితే, ఇంకొక్క నెల మందు చాలన్నట్టు కాగితం చెబుతుంది. అది చాలకపోతే షాహిదాకు అక్కర్లేని సూదులు రాస్తారు. నేను కార్డు మీద అడ్డంగా, ఈ గడుల్లో టిక్కులు మింగడం చూసి పెట్టినవి కావని రాసి సంతకం చేశాను. ప్రొవైడర్‌ను ఎంపిక చేసింది నేనేనని కింద ఇంకొక వాక్యం చేర్చాను. డాక్టర్ పాత లెక్క కొట్టేసి మొదటి మోతాదు నుంచి మళ్లీ మొదలుపెట్టింది. పాపకు పరీక్ష చేయించి, జబ్బు రాకుండా మందు ఇచ్చింది. మిగతా ఇళ్లు తిరిగితే ఇంకో ఇద్దరు ఆడవాళ్ల దగ్గర కూడా అట్టలు బయటపడ్డాయి. జిల్లా నుంచి నాకు సంజాయిషీ మెమో వచ్చింది. ఉన్నది ఉన్నట్టు జవాబు రాశాను.

డబ్బాలు రబియా ఆపా ఇంటికి మార్చాం. షాహిదా చేతిలో ఒక జాకెట్టు ముక్క పట్టుకుని వెళ్లేది. కుట్టు మనిషి ఇంటికి ఆడది ఎందుకు వెళ్తుందని ఆ మొహల్లాలో ఎవరూ అడగరు. ఆపా ముందు రొట్టె తినిపించేది, తర్వాత మింగించేది, వాంతి కాకుండా ఒక అరగంట కూర్చోబెట్టేది. రొట్టె మా నిబంధనల్లో లేదు. ఇక ఇంగ్లీషు రాదన్న నా అభ్యంతరం ఎంత అర్థం లేనిదో మొదటి వారంలోనే తేలింది, టిక్కుకు చదువెందుకు?

మూడో వారం కార్డు చూడటానికి వెళ్తే ఒక గడి ఖాళీగా ఉంది. షాహిదా పరిగిలో పెళ్లికి పోయి రెండు రోజులకు వచ్చిందని, వచ్చిన మరుసటి రోజే మోతాదు మింగించానని ఆపా చెప్పింది. ఆ గడిలో టిక్కు ఎందుకు పెట్టలేదని కావాలనే అడిగాను.

“ఆనాడు మింగలే గద సార్” అన్నది.

రెండు నెలలకు షాహిదా తెమడ నెగెటివ్ వచ్చింది. కోర్సు ముగిసేదాకా అలాగే ఉంది. పాపకు ఏమీ కాలేదు. గ్రాంటు రిపోర్టులో జరిగిన తప్పు కూడా రాసి పంపించాం. జబ్బార్ సాబ్ అధికారుల ముందు కూర్చుని, ఔరతుల దగ్గరికి ఔరతు పోవాలని మేము మొదటనే రాసినం అని చెప్పారు. నా వైపు చూడలేదు, అది ఆయన మర్యాద. పొడిగింపు వచ్చింది.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా చాలా యూనిట్లు చూశాను. తనిఖీకి వెళ్తే ఖాళీ గడులున్న కార్డులు పక్కన పెట్టి, ఒక్క గడి కూడా ఖాళీ లేని కార్డు ఎవరిదో అడిగి, మొదట ఆ ఇంటికే వెళ్లేవాణ్ని.