చేట చాటు గవ్వలు

ఆదివారం మధ్యాహ్నాలు తిరుచానూరులో ఒక పూలంగడి వెనక గదిలో మేం ముగ్గురం ఒక ఆట ఆడేవాళ్ళం. ఒకడు కథ నడపాల. మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషై, ఇప్పుడు నేనిది చేస్తానని చెప్పాల. అది నెరవేరిందా, బెడిసిందా అనేది పాచిక తేలుస్తుంది. కథ నడిపేది ఎప్పుడూ నేనే. కోతలు కోసేదానికి ఇంతకన్నా గౌరవమైన కొలువు నాకింకెక్కడా దొరకలేదు. కొండ మీంచి ఏడు తలల చిరుతను దించి, టీ తాగొచ్చేసరికి తొమ్మిది తలలు చేసేవాణ్ణి. ఎవరైనా నిలదీస్తే మీసం దువ్వుకుంటా, మనం టీకి పోయినప్పుడు మొలిచినాయిలే అనేవాణ్ణి.

పాచికలకు బదులు మావి గవ్వలు. ఒక పాత చేటను నిలబెట్టి, దాని చాటున వేసేవాణ్ణి. ఎట్లా పడినాయో చూసేది నేనొక్కణ్ణే.

పూలంగడి నా స్నేహితుడిది. వాళ్ళక్క శ్రీకాళహస్తిలో కలంకారీ బొమ్మలు వేసేది. నోరు తెరిస్తే వీధంతా వినపడేది. తమ్ముడి దగ్గరికి వచ్చినప్పుడల్లా నా కోతలు విని నన్నూ తిట్టేది. పక్షవాతం వచ్చి ఆమెకు మాట పడిపోయింది. ఆ తర్వాత ఒక ఆదివారం ఆయన ఆటలో తన మనిషిగా ఒక ముసలమ్మను తెచ్చినాడు.

"తొమ్మిది తలలున్నా కడుపు ఒకటే కదరా. ముందు దానికింత సంగటి పెట్టు, తర్వాత సూస్తాం" అనింది ముసలమ్మ.

అచ్చం అక్క గొంతే. ప్రతి సోమవారం ఆయన శ్రీకాళహస్తి బస్సెక్కి, ముసలమ్మ ఎవర్నేమని తిట్టిందో అక్కకు చెప్పేవాడు. అక్క సగం నోటితో నవ్వేదంట. ఇంక ఆ ముసలమ్మను నేనెట్లా చావనిస్తాను? గవ్వలన్నీ బోర్లా పడి బెడిసినా, "అబ్బ, తప్పించుకునింది" అనేవాణ్ణి.

మూడో ఆయనది సెల్‌ఫోన్ల అంగడి. ఒకసారి ట్యాబ్ తెచ్చినాడు. అందులో ఆట కోసమే ఒక యాప్. కొండలూ లోయలూ రంగుల్లో కనపడతాయి, గుహలోకి పోతే నీళ్ళ చప్పుడు వినపడతుంది. పాచిక అదే వేస్తుంది, ఎవరి ప్రాణం ఎంత మిగిలిందో అదే చూసుకుంటుంది, అంతా ముగ్గురి ఫోన్లలోకీ వస్తుంది.

"నీకు పని తగ్గుతాదప్పా" అన్నాడు. నాకూ ముచ్చటేసింది. అందులోంచి వాన చప్పుడు వినపడితే, పూలు తడుస్తాయని అంగడాయన వాకిట్లోకి పరిగెత్తినాడు కూడా.

ఆపొద్దు ముసలమ్మ తాడు పట్టుకుని వాగు దాటాల. ట్యాబులో పాచిక దొర్లింది. నేను నోరు తెరిచేలోపే ఫోన్లన్నీ గుయ్యిమన్నాయి. ముసలమ్మ చచ్చిపోయిందని ఆమె బొమ్మ మీద ఎర్ర గీత పడింది.

"పైనుంచి ఒక దుంగ కొట్టుకొస్తా ఉండాది..." అని ఎత్తుకున్నాను. ఎవరూ నా పక్క చూడలేదు.

"దానికేమప్పా, వెనక్కి తిప్పే బటనుండాది, నొక్కితే లేస్తాది" అన్నాడు సెల్లంగడాయన.

"వద్దులే" అన్నాడు పూలంగడాయన. నా పక్క తిరిగి అడిగినాడు. "ఇన్నాళ్ళూ గవ్వలు అంత బాగా పడినాయా?"

"పడినాయప్పా. అంత బుద్ధిమంతులైన గవ్వలు తిరుపతిలో యాడా దొరకవు."

"నీ మొగం సూస్తానే తెలస్తాంది" అన్నాడు. కోపంగా కాదు. "రేపు అక్కకేం చెప్పేది?"

ట్యాబును అటకెక్కించినాము. యాప్‌ది తప్పేముంది, ఉన్నదే చూపించింది. కానీ ఆ గీత చూసినాక ఆయనకు అక్క గొంతు రాలేదు. ఎంత బతిమాలినా రాలేదు. ముసలమ్మ బతికే ఉందని చెప్పమని, తిట్లు నేను కట్టిచ్చి పంపినాను. నా జన్మలో అంత కష్టపడి కట్టిన మాటలు లేవు.

మంగళవారం అంగడికి పోతే ఆయన మల్లెపూలు కడతా ఉన్నాడు.

"నవ్విందా?"

"లేదప్పా. మొత్తం వినింది. విని, ఎడమచేత్తో ఇట్లా మీసం దువ్వి సూపించింది. నీ మాదిరే."

నేను నవ్వుతాననుకుని చెప్పినాడు ఆ మాట. నవ్వినాను. ఆ తర్వాత మాటలు కట్టిమ్మని ఆయన నన్ను అడగలేదు. సోమవారాలు అక్క దగ్గరికి పోతానే ఉన్నాడు. ఊరికే పక్కన కూచోనొస్తాడంట.